కిటికీ రబ్బరు మార్చడానికి కూడా ఘాట్ దిగాలా?



పోస్టు కొంచెం పెద్దదే. విసుక్కోకుండా చివరిదాకా చదవండి. మన గ్రూపులో ఎప్పుడూ 1/70 చట్టం గురించి, జీవో నంబర్ 3 గురించి, డీఎస్సీ గురించి, హాస్టళ్ళలో సమస్యల గురించి రాసుకుంటాం. రాసుకోవాలి కూడా. ఈసారి నేను మాత్రం బండి తలుపుకి, కిటికీ అద్దం కింద బయటవైపు ఉండే రబ్బరు పట్టీ గురించి రాస్తున్నా. ఇదేం టాపిక్కురా బాబూ అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నవ్వుకున్నాక చదవండి. ఎందుకంటే ఆ పట్టీ వల్ల ఒక రాత్రి మా ఊరి ఆడబిడ్డ ఒకామె తడిసి ముద్దయింది. ఆ పట్టీ మార్చాకే నాకు మన గురించి, మన చదువుల గురించి కొన్ని విషయాలు అర్థమయ్యాయి.

ముందు జరిగింది చెప్తా.

మాది చింతపల్లి వైపు, రోడ్డు నుంచి లోపలికి వెళ్ళే ఊరు. మా నాన్న కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బులు, ఇంకొంత అప్పు కలిపి పాత బొలెరో ఒకటి కొన్నాడు. 2009 మోడల్. మా అన్నయ్య తోల్తాడు. సంత రోజు మనుషుల్ని, మూటల్ని తీసుకెళ్తాడు. మిగతా రోజుల్లో పిలిస్తే ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకి, ఆఫీసు పనులకి వెళ్తాడు. మా ఊరికీ, పక్కన ఉన్న రెండు ఊళ్ళకీ రాత్రిపూట దిక్కు ఆ బండే. డోలీ కట్టుకుని కొండ దిగిన రోజులు మనలో చాలామందికి గుర్తే. ఇప్పటికీ డోలీ మోస్తున్న ఊళ్ళు ఉన్నాయి. మాకు రోడ్డు వచ్చింది, బండి ఉంది. ఆ మేరకు మేం అదృష్టవంతులమే.

పోయిన వానాకాలం ఒక రాత్రి మా ఊరి వదినకి నొప్పులు మొదలయ్యాయి. అన్నయ్య బండి తీశాడు. వెనక సీట్లో ఆమె, వాళ్ళ అమ్మ, ఆశా అక్క. ముందు నేను. వాన దంచి కొడుతోంది. సగం దారిలో చూస్తే వెనక ఎడమ తలుపు అద్దం సగం దాకానే పైకి వచ్చి ఆగిపోయింది. హ్యాండిల్ ఎంత తిప్పినా కదల్లేదు. చేత్తో పట్టుకుని లాగినా రాలేదు. వాన నేరుగా ఆమె మీద పడుతోంది. ఆశా అక్క తన చున్నీ అడ్డం పెట్టింది, అది ఒక నిమిషంలో తడిసిపోయింది. చివరికి నేను వెనక్కి మారి, ఖాళీ యూరియా సంచి అద్దానికి అడ్డంగా పట్టుకుని కూర్చున్నా. గంట ప్రయాణం. ఆమె చలికి వణుకుతూ ఒక పక్క, నొప్పులు ఒక పక్క. తల్లీ బిడ్డా క్షేమంగానే ఉన్నారు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. కానీ ఆ రాత్రి నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. డిగ్రీ అయింది, బీఈడీ అయింది. చేతిలో సంచి పట్టుకుని కూర్చోవడం తప్ప ఇంకేం చేతకాలేదు.

మర్నాడు అన్నయ్య బండిని కింద ఉన్న ఒక పట్నంలో షెడ్డుకి తీసుకెళ్ళాడు. వాళ్ళు చూసి, నాలుగు తలుపులకీ బయటి పట్టీలు పోయాయి, లోపల నీళ్ళు నిలిచి తుప్పు పట్టింది, అన్నీ చేయాలంటే 6,500 అవుతుంది, బండి మూడు రోజులు వదిలెయ్యాలి అన్నారు. మూడు రోజుల్లో ఒక సంత రోజు ఉంది. సంత పోతే ఆ వారం కిస్తీ కట్టలేం. అన్నయ్య సరే మళ్ళీ వస్తామని బండి తిప్పుకుని వచ్చేశాడు. అలా తిప్పుకుని వచ్చేయడం అదే మొదటిసారి కాదు. ఏడాది ముందు నుంచీ ఆ పట్టీలు ఎండి, పగిలి, పైకి లేచి ఉన్నాయి. మేమందరం రోజూ చూస్తూనే ఉన్నాం. ఎవ్వరం పట్టించుకోలేదు. రబ్బరే కదా, అందం కోసమే కదా అనుకున్నాం.

అందం కోసం కాదు. దాని పని ఏమిటో నాకు ఆ తర్వాతే తెలిసింది. తెలిసింది తెలిసినట్టు రాస్తా, బండి ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

అద్దం తలుపు లోపలికి దిగేచోట ఒక సందు ఉంటుంది. ఆ సందుకి బయటవైపు ఒక పట్టీ, లోపలవైపు ఒక పట్టీ ఉంటాయి. బయటి పట్టీకి లోపల సన్నటి రేకు ఉంటుంది, దాని మీద రబ్బరు, అద్దానికి ఆనుకునే అంచున మఖమల్ గుడ్డలాంటి మెత్తటి నూగు ఉంటుంది. షాపుల్లో దీన్ని వెదర్ స్ట్రిప్ అంటారు, కొందరు బీడింగు అంటారు. అద్దం దిగేటప్పుడు దాని మీద ఉన్న నీళ్ళని, దుమ్ముని ఇది తుడిచేస్తుంది. వాన నీరు మొత్తం తలుపులోకి పోకుండా ఆపుతుంది. ఎండకి, ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది, కుంచించుకుపోతుంది, పగుళ్ళు వస్తాయి. అప్పుడది అద్దానికి ఆనదు. పైగా మన మట్టిరోడ్ల దుమ్ము, ఇసుక అందులో ఇరుక్కుని, అద్దం దిగినప్పుడల్లా గీతలు పెడుతుంది.

ఒక విషయం చాలామందికి తెలీదు. పట్టీ కొత్తగా ఉన్నా కొంచెం నీరు తలుపులోకి పోతూనే ఉంటుంది. అందుకే తలుపు అడుగు అంచున చిన్న చిన్న రంధ్రాలు పెడతారు, నీరు అక్కణ్ణుంచి కారిపోవాలి. మా బండికి ఆ రంధ్రాలు ఎర్రమట్టితో, ఆకుల చెత్తతో పూర్తిగా పూడుకుపోయాయి. పైన పట్టీ పాడై నీరు ఎక్కువగా దిగుతోంది, కింద దారి మూసుకుపోయింది. ఇంక ఆ నీరు ఎక్కడికి పోతుంది? తలుపులోనే ఉంటుంది. తలుపు అడుగు రేకు లోపలినుంచి తినేస్తుంది. అద్దాన్ని లేపే మెషీను, అంటే రెగ్యులేటర్, తుప్పు పడుతుంది. ఆ రాత్రి అద్దం ఆగిపోయింది అందుకే. రబ్బరుతో మొదలైన జబ్బు మెషీను దాకా పోయింది.

ఎనిమిదేళ్ళు దాటిన ట్యాక్సీ ప్లేటు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. తలుపులు తుప్పుతో చిల్లులు పడ్డాక ఆ బండిని ఎక్కడ నిలబెడతాం? కాబట్టి ఇది అద్దం ఒక్కదాని సంగతి కాదు, మా ఇంటి తిండి సంగతి.

సరే, నేనే చేస్తానన్నా. అన్నయ్య నవ్వాడు. నాన్న ఏమీ అనలేదు. విశాఖపట్నం ఆటోనగర్‌లో తెలిసినవాళ్ళ ద్వారా నాలుగు తలుపుల పట్టీలు తెప్పించాం. 1,100 అయింది. ఎమ్రీ పేపరు, రెడాక్సైడు, చిన్న డబ్బా రంగు, బ్రష్షు, సిలికాన్ స్ప్రే కలిపి ఇంకో 600. స్క్రూడ్రైవర్లు, పానాలు అన్నయ్య దగ్గర ఉన్నవే. వీడియోలు రెండు మూడు చూశా. బండిని మా ఇంటి ముందు చింతచెట్టు కింద పెట్టా.

పది నిమిషాల్లోనే మా బంధువు ఒకాయన అటుగా పోతూ ఆగాడు. "ఏట్రా, బీఈడీ సదివి బండి తలుపులు పీకుతున్నావేటి?" అన్నాడు. తిట్టలేదు, ఎగతాళీ చేయలేదు. నిజంగానే జాలిపడ్డాడు. ఆ జాలే నాకు గుచ్చుకుంది. ఈ పోస్టు రాయడానికి సగం కారణం ఆ మాటే.

పని ఎలా చేశానో చెప్తా. నేను చేసిన తప్పులతో సహా.

ముందు అద్దం పూర్తిగా కిందకి దింపాలి. పట్టీ అంచు వెంబడి రంగు మీద కాగితపు టేపు అతికించాలి. నేను మొదటి తలుపుకి ఇది చేయలేదు. స్క్రూడ్రైవర్ మొనతో నేరుగా లేపా. రంగు లేచిపోయి మూడంగుళాల గీత పడింది. అది ఇప్పటికీ ఉంది, అన్నయ్య రోజూ గుర్తుచేస్తాడు. అప్పుడు మా అమ్మ చూసి, లోపలికెళ్ళి వెదురు చీలిక ఒకటి తెచ్చి కత్తితో మొన పల్చగా చెక్కి ఇచ్చింది. "ఇనుముతో లేపితే ఇనుము గీసుకోదేటి, దీంతో లేపు" అంది. షాపుల్లో ఈ పనికి ప్లాస్టిక్ పనిముట్లు అమ్ముతారు. మా అమ్మ వెదురు చీలిక దానికంటే ఏం తక్కువ కాలేదు. మిగతా మూడు తలుపులకీ ఒక్క గీత పడలేదు.

పట్టీ చివర స్క్రూ ఏమైనా ఉందేమో ముందు చూసుకోవాలి. కొన్ని బండ్లకి ఉంటుంది, కొన్నింటికి క్లిప్పుల మీదే నిలుస్తుంది. స్క్రూ విప్పకుండా లాగితే రేకు వంగిపోతుంది. ఒక చివర నుంచి మొదలుపెట్టి, ఒక్కో క్లిప్పు దగ్గర కొంచెం కొంచెం పైకి లేపుకుంటూ పోవాలి. ఒకేసారి గుంజకూడదు.

పట్టీ తీశాక అసలు సంగతి బయటపడింది. కింద రేకు అంచంతా ఎర్రగా తుప్పు. కంగారు పడొద్దు. పైపై తుప్పయితే ఎమ్రీ పేపరుతో తెల్ల రేకు కనిపించేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, రెడాక్సైడు పూసి, ఆరాక రంగు వేయాలి. నేను ఆ రాత్రంతా ఆరనిచ్చా. తొందరపడి తడి మీద పట్టీ వేస్తే తుప్పుని మూతపెట్టి పెంచినట్టే. రేకు చేత్తో నొక్కితే విరిగిపోయేలా ఉంటే మాత్రం అది మన పని కాదు, టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి పోవాల్సిందే.

తర్వాత తలుపు అడుగున రంధ్రాలు. సన్నటి తీగతో పొడిచా. వెనక ఎడమ తలుపు నుంచి నల్లటి నీళ్ళు చెంబుడు దాకా కారాయి. వాన పడి అప్పటికి ఐదు రోజులైంది! అది చూసి అన్నయ్య నవ్వడం ఆపి పక్కన కూర్చున్నాడు. అక్కణ్ణుంచి ఇద్దరం కలిసి చేశాం. లోపలి అట్ట విప్పి, ప్లాస్టిక్ షీటు చిరగకుండా పక్కకి తీసి, రెగ్యులేటర్ శుభ్రం చేసి గ్రీజు పెట్టాం. అద్దం మళ్ళీ కదిలింది. ఆ ప్లాస్టిక్ షీటుని తిరిగి సరిగ్గా అతికించడం మర్చిపోకండి, తలుపులో నీరు బండిలోకి రాకుండా ఆపేది అదే.

ఇంక కొత్త పట్టీలు వేయాలి. ఎంత నొక్కినా కూర్చోవట్లేదు. రబ్బరు సుత్తితో కొడదామని ఎత్తాను. ఇంటర్ చదువుతున్న మా చెల్లి వచ్చి, కాసేపు తిప్పి చూసి, "అన్నయ్యా, దీని వెనక ఆర్‌హెచ్ అని ఉంది, నువ్వు ఎడమ తలుపుకి పెడుతున్నావు" అంది. కుడి ఎడమలు కూడా చూడకుండా బీఈడీ చదివినవాడు సుత్తి ఎత్తాడన్నమాట. ఆ తర్వాత ముందు తలుపులు, వెనక తలుపులు, కుడి, ఎడమ అన్నీ అదే సర్ది పెట్టింది. మిగతా పట్టీలు వేసింది కూడా ఎక్కువ అదే. ఆడపిల్లలకి ఈ పనులు రావు అనేవాళ్ళు ఒకసారి మా చెల్లితో మాట్లాడండి.

కొత్త పట్టీని ముందు కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది. మన దగ్గర చలికాలం పొద్దున్నే ఈ పని పెట్టుకోకండి, రబ్బరు బిర్రుగా ఉండి క్లిప్పులు విరుగుతాయి. అంచుకి సబ్బునీళ్ళు రాసి, అద్దం మూలకి సరిగ్గా ఆనించి, అరచేత్తో ఒక చివర నుంచి రెండో చివరికి నొక్కుకుంటూ రావాలి. క్లిప్పు పడితే టక్కుమని తెలుస్తుంది. రబ్బరుకి గ్రీజు, ఇంజిన్ ఆయిలు, కిరసనాయిలు రాయకండి. ఉబ్బి పాడైపోతుంది. అద్దం జారే కాలువకి సిలికాన్ స్ప్రే చాలు. అన్నీ అయ్యాక అద్దం పైకెత్తి, బయటినుంచి రెండు చెంబుల నీళ్ళు పోసి, కింద రంధ్రాల నుంచి కారుతున్నాయో లేదో చూసుకోవాలి. కారుతుంటే పని అయినట్టే.

మాకు మొత్తం రోజున్నర పట్టింది. ఖర్చు 1,700. సంత పోలేదు. తర్వాత నెలలో మా మావయ్య బండికి ఇదే పని మూడు గంటల్లో చేశాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

మిగిలిన డబ్బు నాలుగైదు వేలు. దాంతో బంగ్లా కట్టలేం. కానీ మన మండలంలో ఎన్ని జీపులు, ఎన్ని ఆటోలు, ఎన్ని బైకులు, ఎన్ని మోటార్లు ఉన్నాయో ఒకసారి మనసులో లెక్కేసుకోండి. వాటిలో ప్రతి చిన్న రిపేరూ ఎక్కడ అవుతోంది? ఘాట్ దిగితేనే అవుతోంది. మిరియాలు, కాఫీ, పసుపు, రాజ్‌మా మన కొండ మీద పండుతాయి. ఆ డబ్బు మన ఇంట్లో రెండు రాత్రులు పడుకుని, మూడో రోజు ఘాట్ దిగిపోతుంది. భూమి చేతులు మారకుండా 1/70 చట్టం ఉంది. దానికోసం మన పెద్దలు కొట్లాడారు, మనమూ కాపాడుకోవాలి. కానీ మన జేబులో డబ్బు రోజూ పోయే దారికి ఏ చట్టమూ అడ్డం రాదు. ఆ దారిని పని నేర్చుకున్న మన చేతులే కొంతైనా ఆపగలవు.

మన చదువుల సంగతి కూడా మాట్లాడుకుందాం. ఏజెన్సీ స్కూళ్ళలో టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ రోజు నుంచి నాలాంటి బీఈడీ, టీటీసీ వాళ్ళ పరిస్థితి ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. కోచింగ్‌కి డబ్బులు కట్టి, రూముల్లో ఇరుక్కుని, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాం. ఎదురుచూస్తూ ఊరికి వస్తే పనిముట్టు పట్టుకోవడానికి నామోషీ. పొలం పనికి నామోషీ, బండి పనికి నామోషీ. పుస్తకం పట్టుకున్న చెయ్యి ఇంక దేన్నీ పట్టుకోకూడదని మనకి ఎవరు నేర్పారు?

ఇది మన కొండల్లో పుట్టిన ఆలోచన కాదు. మన షెడ్యూల్డు తెగల్లోనే కొండ కమ్మరులు ఉన్నారు. కొడవలి, గొడ్డలి, నాగలి కర్రు వాళ్ళ కొలిమి దగ్గరే తయారయ్యేవి. నాకు తెలిసిన ఏ ఊళ్ళోనూ వాళ్ళని చూసి జాలిపడినవాళ్ళు లేరు. అటు ఆదిలాబాద్ వైపు ఓజాలు ఇత్తడి పోత పోసి చేసే డోక్రా బొమ్మలకి 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. మన తాతలు ఇల్లు తామే కట్టుకున్నారు, బుట్ట తామే అల్లుకున్నారు, విల్లు తామే చేసుకున్నారు. ఇవన్నీ ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం రోజు స్టేజీ మీద గొప్పగా చెప్పుకుంటాం. ఆగస్టు 10న బండి టైరు పంచరైతే ఫోన్ తీసి ఎవడో రావాలని ఎదురుచూస్తాం. కోపం తెచ్చుకోకండి, నన్ను కూడా కలుపుకునే అంటున్నా.

ఇక్కడ కొందరు అన్నలు ఒక ప్రశ్న వేస్తారని తెలుసు. "అంటే మనవాళ్ళని మళ్ళీ కూలిపనికే పరిమితం చేస్తావా? పైనున్నోళ్ళకి కావాల్సింది కూడా అదే కదా, ఉద్యోగాలు అడగకుండా స్కిల్ నేర్చుకోండని చెప్పి చేతులు దులుపుకుంటారు కదా?" అని. ఈ ప్రశ్న న్యాయమైనదే. నేను చదువు మానేయమని అనడం లేదు. ఉద్యోగాలు అడగొద్దని అసలే అనడం లేదు. జీవో 3 స్థానంలో గట్టి చట్టం కావాలని జరిగే ప్రతి ధర్నాకీ నేను వస్తా, ఇంతకుముందూ వచ్చా. స్కిల్ అనే మాటని హక్కుకి బదులుగా ఎవరైనా మన చేతిలో పెడితే తీసుకోవద్దు. కానీ హక్కు కోసం కొట్లాడేవాడికి కూడా పొద్దున్న లేస్తే బండి కావాలి, ఇంట్లో మోటారు తిరగాలి. ధర్నాకి వెళ్ళిన బండి అద్దం ఎక్కకపోతే దాన్ని ఎవరు బాగుచేస్తారు? ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. నాలుగు నెలలు ఎదురుచూసే తీరిక ఉన్నవాడికి నాలుగు రోజులు పని నేర్చుకునే తీరిక లేదంటే నేను నమ్మను. ముందు నన్ను నేనే నమ్మను.

ఇంకో మాట. కింద షెడ్డుల్లో పనిచేసే మెకానిక్ అన్నల మీద నాకు కోపం లేదు. వాళ్ళూ కష్టపడే బతుకుతున్నారు. 6,500 అడిగారంటే వాళ్ళ లెక్క వాళ్ళకి ఉంటుంది. మనకి పని తెలియకపోతే ఆ లెక్క న్యాయమో కాదో అడగడం కూడా రాదు, అంతే నా బాధ. ఇప్పుడు అన్నయ్య షెడ్డుకి వెళ్తే, "రెగ్యులేటర్ బానే ఉందన్నా, రంధ్రాలు ఒకసారి చూడండి" అని చెప్పగలుగుతున్నాడు. అవతలివాళ్ళు కూడా మర్యాదగా వింటున్నారు. పని తెలిసినవాడితో మాట్లాడే తీరే వేరు.

అలాగని అన్నీ మనమే చేసెయ్యాలని కాదు. బ్రేకులు, స్టీరింగు, చక్రాల బేరింగులు వీడియో చూసి విప్పకండి. మనవి ఘాట్ రోడ్లు. ఒక్క నట్టు వదులుగా ఉన్నా బండిలో ఉన్న పది మంది ప్రాణాలు పోతాయి. అవి నేర్చుకున్నవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ చేతి కింద చేసి నేర్చుకోవాలి. కిటికీ పట్టీ, లైట్లు, ఫిల్టర్లు, తలుపు తాళాలు, పైపై తుప్పు లాంటివి మొదలుపెట్టడానికి మంచివి. తప్పు చేస్తే గీత పడుతుంది, ప్రాణం పోదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. మూడు విషయాలు.

ఒకటి. ప్రతి ఊరి యువజన సంఘం ఒక పనిముట్ల పెట్టె కొనుక్కోవాలి. పానాల సెట్టు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయరు, సుత్తి, గ్రీజు గన్ను, టార్చి. వినాయక చవితికి, క్రికెట్ టోర్నమెంటుకి చందాలు వేసుకుంటున్నాం కదా, ఒక్కసారి దీనికి వేసుకుందాం. పెట్టె ఒకరి ఇంట్లో ఉండాలి, ఎవరు తీసుకెళ్ళారో పుస్తకంలో రాయాలి.

రెండు. సెలవులకి ఊరు వచ్చినప్పుడు ఒక ఆదివారం కూర్చుందాం. ఎవరికి వచ్చింది వాళ్ళు నేర్పుదాం. ఒకరికి వైరింగు వస్తుంది, ఒకరికి పంపు రిపేరు వస్తుంది, ఒకరికి కుట్టుమిషను వస్తుంది. నాకు కిటికీ పట్టీ వచ్చు. చెల్లెళ్ళని కూడా పిలవాలి, టీ పెట్టడానికి కాదు, పని నేర్చుకోవడానికి, నేర్పడానికి.

మూడు. పది పాసయ్యి ఇంటర్ ఇష్టం లేని తమ్ముళ్ళని, చెల్లెళ్ళని ఐటీఐ అంటే చిన్నచూపు చూడకండి. మోటారు మెకానిక్ ట్రేడు రెండేళ్ళు, డీజిల్ మెకానిక్ ట్రేడు ఏడాది. ఆ సర్టిఫికెట్టు తెచ్చుకుని మన మండలంలోనే షెడ్డు పెడితే, మనం ఘాట్ దిగే బదులు కిందవాళ్ళ బండ్లే పైకొచ్చి మన దగ్గర ఆగుతాయి. లంబసింగికి, అరకుకి ఎంతమంది టూరిస్టులు వస్తున్నారో చూస్తున్నాం కదా. వాళ్ళ బండి ఆగిపోతే ఇప్పుడు ఫోన్ ఎక్కడికి పోతోంది?

మొన్న ఆ వదిన బిడ్డని ఎత్తుకుని టీకాకి మా బండిలోనే వెళ్ళింది. మళ్ళీ వాన. ఆమె ఎక్కగానే మొదట అద్దం హ్యాండిల్ తిప్పి చూసింది. అద్దం పైదాకా ఎక్కింది. ఆమె ఏమీ అనలేదు, బిడ్డని ఒళ్ళో సర్దుకుని కూర్చుంది. నేను ముందు సీట్లో ఉన్నా. ఈసారి చేతిలో సంచి లేదు.

ఎక్కడైనా తప్పు రాసుంటే పని తెలిసిన అన్నలు కామెంట్లో సరిదిద్దండి, నేర్చుకుంటా. మీ ఊళ్ళో పాత బండికి పట్టీ మార్చాలంటే నాకు మెసేజ్ పెట్టండి. ఆదివారాలు ఖాళీయే. వెదురు చీలిక మాత్రం మీ ఇంట్లోదే వాడాలి, మా అమ్మది నేను ఇవ్వను.

జై ఆదివాసీ.